మూడో మలుపు ఓటు

వానకు తడిసిన పసుపు జెండాను సుమియే పిండి, గాలిలో గట్టిగా దులిపింది. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. వారమంతా చేపల కార్ఖానాలో మంచునీళ్ళలో నానే వేళ్ళే అవి. ఆదివారాలు మాత్రం కొండమీది రేసు బాటలో, మూడో మలుపు దగ్గర జెండా పట్టుకుంటాయి. పక్కనే చీపురుతో ఆమె ముసలి అన్న తొకుజి. కార్లు గుద్దుకుంటే ముక్కలు ఊడ్చే పని అతనిది.

పందెం ముగియవస్తుండగా ఒక కారు గోడకు కొట్టుకుంది. సుమియే జెండా ఊపింది. బాట మీద మనిషున్నాడు, నెమ్మదించు, ఎవరినీ దాటకు అని దానర్థం. తొకుజి వంగి ఊడుస్తున్నాడు. ముప్పై ఒకటో నంబరు కారు వేగం తగ్గించింది. వెనకే వచ్చిన ఏడో నంబరు కుర్రాడు అసహినా దాన్ని దాటేసి, తొకుజి మోకాలి పక్కనుంచే దూసుకుపోయాడు. ముసలాయన టోపీ ఎగిరి గడ్డిలో పడింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

గెలిచింది అసహినాయే. వేగం కాస్త తగ్గించాడులెమ్మని పందెం పెద్దలు వదిలేశారు.

ఇక మిగిలింది మలుపుల దగ్గర జెండాలు పట్టేవాళ్ళు ఇచ్చే కప్పు. ఆనాటి మేటి డ్రైవరెవరో ఒక్కో మలుపూ రేడియోలో చెప్పాలి. అందరూ ఒకే నంబరంటేనే కప్పు, లేకుంటే ఆ ఏటికి లేదు.

"ఒకటో మలుపు. ఏడు."

"రెండో మలుపు. ఏడే! ఏం తోలాడండీ కుర్రాడు!"

"మూడో మలుపు?"

సుమియే చేతిలోని రేడియోను కిందికి దించింది.

"ఏడని చెప్పేయవే," అన్నాడు తొకుజి, కుర్చీలో కూలబడి. మొహం పాలిపోయింది. "ఆ కారు గాలి ఇంకా గుండెల్లోనే తిరుగుతోంది. అయినా నన్ను తప్పించాడు కదా."

"నిన్ను చంపనందుకు కప్పా అన్నయ్యా?"

"అందరి సంతోషం చెడగొట్టకే. నేనే కాస్త ముందుగా పక్కకు జరగాల్సింది."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. రంపపు మిల్లులో అన్నకు రెండు వేళ్ళు తెగిన రోజూ ఇంతే. చెక్కల మీద రక్తం పడిందని యజమానికే వంగి వంగి దణ్ణాలు పెట్టాడు. పెళ్ళాం వదిలిపోతుంటే, వానొస్తుందని వెనకాలే పరిగెత్తి గొడుగు ఇచ్చొచ్చాడు.

"సుమియే గారూ," కంట్రోల్ గదిలోంచి ఇవాసే బతిమాలాడు. "ఫోటోలవాళ్ళు కాచుకున్నారమ్మా. మీ ఒక్కరి వల్ల ఆగిపోతుంది."

"ఆగిపోనీండి. రాసుకోండి, ముప్పై ఒకటి."

రేడియో నిండా నవ్వులు. "ఆఖర్న వచ్చినోడికా! అక్కా, సాకే సారా అప్పుడే పట్టించావా?"

"నా జెండా చూసింది వాడొక్కడే. రేపు బాట మీద మీ వీపు ఉంటుందిగా, అప్పుడు నవ్వండిరా!"

ఈ ఏటికి కప్పు లేదని కాసేపటికి మైకులో చెప్పారు. చెంపలు మండుతుండగా ఆమె వెనక్కి తిరిగింది.

"విన్నావుగా! పో, అందరికీ దణ్ణాలు పెట్టి రా."

తొకుజి కదల్లేదు. తల పక్కకు వాలింది. ఎవరికో క్షమించమని చెప్పబోయి ఆగినట్టు నోరు కాస్త తెరుచుకుంది. ఆమె భుజం పట్టి కుదిపింది. కోపంగా, ఇంకా గట్టిగా కుదిపింది.

అంబులెన్సు ఖాళీ బాట మీద మెల్లగా వచ్చి, మెల్లగా వెళ్ళింది.

ఇనుప కంచె మీద తొకుజి ఒలిచిన కమలాపండు మిగిలింది. రెండుగా చీల్చి, చెల్లెలు నిలబడే వైపు పెట్టిన పెద్ద సగం మీద, వాన పడకుండా తొక్క కప్పి ఉంది.