గంధం పెట్టిన హార్డ్ డిస్క్

నేను ఒక హార్డ్ డిస్కును. చూడటానికి అరచేతిలో పట్టే ఇనపడబ్బాను, కాలిమీద పడితే వేళ్లు చితికేంత బరువు. లోపల మాత్రం వట్టి సుకుమారాన్ని. అద్దాల్లాంటి పళ్లాలు గిర్రున తిరుగుతుంటే వాటిమీద తగిలీ తగలనట్టు ఒక ముల్లు కదులుతూ రాసుకుంటుంది, చదువుకుంటుంది. మధ్యలో దుమ్ము రేణువు పడిందా, నా కథ కంచికే. అందుకే నన్ను పుట్టించినవాళ్లు ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని, పురిటిగదికన్నా శుభ్రమైన గదిలో బిగించి, మూతమీద సీలు వేశారు. ఊపిరి తీసుకోవడానికి సూదిబెజ్జమంత రంధ్రం వదిలి, దాన్ని మూయొద్దని పక్కనే ఇంగ్లీషులో రాశారు. ఎవరో చదువుతారని పాపం వాళ్ల ఆశ.

దానికితోడు వారంటీ ఒకటి. గడువులోగా నేను చెడిపోతే నా బదులు ఇంకో డిస్కు ఇస్తారట. మనుషులకు లేని వైభోగం కదా అని గర్వపడుతూ సముద్రం దాటి, తెనాలిలో షణ్ముఖం చేతిలో పడ్డాను.

షణ్ముఖం వీడియోలు తీస్తాడు. పెళ్లిళ్లు తియ్యవయ్యా, ఇల్లు గడుస్తుంది అని భార్య సుభాషిణి పోరుతున్నా, ఎక్కడ పద్యనాటకం ఉందంటే అక్కడికి ట్రైపాడు భుజానేసుకుని పరిగెత్తే రకం. ఆడేవాళ్లు ముసలివాళ్లవుతున్నారు, చూసేవాళ్లు తగ్గిపోతున్నారు, తీసిపెట్టేవాడైనా ఒకడుండాలి కదా అంటాడు. అలా ఎన్ని రాగాలు నా పళ్లాలమీద పడ్డాయో చెప్పలేను. నాకు సంగీతం రాదు గానీ, ఆ సంగీతానికి నేను బీరువాను.

ఆ దసరాకి రాజు వేషం కట్టింది బసవయ్యగారు. ఊరూరా పేరున్న నటుడు. గొంతులో పుండు ముదిరింది, పండగ వెళ్లగానే స్వరపేటిక తీసేయాలి, ఇక మాట రాదు అని గుంటూరు డాక్టర్లు తేల్చేశారు. ఆయన వాళ్లను బతిమాలుకుని ఒక్క నాటకానికి సెలవు తెచ్చుకున్నాడు. ఆపైన బొంగురుపోతున్న గొంతును బతిమాలుకుని పాడాడు. రంగు కడుక్కుంటూ షణ్ముఖంతో ఒకే మాటన్నాడు.

"ఒరే అబ్బాయ్, ఇన్నేళ్లూ ఈ గొంతును నేను మోశాను. ఇకమీదట నువ్వు మొయ్యాలిరా."

షణ్ముఖం ఆ నాటకాన్ని నాలోకి దించాడు. మర్నాడు ఇంకో ఊళ్లో కార్యక్రమం ఉందని కెమెరా కార్డులు ఖాళీ చేసుకున్నాడు. ఇక రెండో డిస్కులోకి కాపీ తీయాలి. సరిగ్గా అప్పుడే సుభాషిణి పసుపు కుంకుమల పళ్లెంతో వచ్చింది. ఆయుధపూజ! పీటమీద ఎక్కిన పనిముట్టును మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా ముట్టుకోకూడదు.

"ఒక్క కాపీ తీసుకుని ఇస్తానే."

"అమ్మవారితో బేరాలేందండీ? నాటకం ఎక్కడికీ పారిపోదులే, పెట్టండి."

పెట్టాడు. పెట్టి ఊరుకోకుండా, భక్తి పొంగి, తన చేత్తోనే నాకు చిక్కటి గంధం పూసి బొట్టు పెట్టాడు. సరిగ్గా నేను ఊపిరి పీల్చే రంధ్రం మీద! ఆపైన పువ్వుతో పసుపునీళ్లు చల్లాడు. నాకు కోపం రాలేదు. నన్ను కొన్నవాళ్లున్నారు గానీ, హారతి ఇచ్చినవాళ్లు ఎవరున్నారు? కళ్లుంటే చెమ్మగిల్లేవి. కళ్లు లేకపోవడంతో చెమ్మ లోపలికి పోయింది.

మర్నాడు తగిలిస్తే నాలోంచి టక్కు టక్కుమని చప్పుడు తప్ప ఏమీ రాలేదు. షణ్ముఖం నన్ను ఊపి చూశాడు. తిరగేశాడు, చెవిదగ్గర పెట్టుకున్నాడు. ఎవరో చెప్పారని కవరులో చుట్టి ఫ్రిజ్జులో పెరుగుగిన్నె పక్కన పడుకోబెట్టాడు. అక్కడ నాకు జలుబు చేసింది తప్ప జబ్బు తగ్గలేదు.

ఈలోగా ఆపరేషను అయిపోయింది. బసవయ్యగారి భార్య మాణిక్యమ్మ ఫోను చేసింది. "నాయనా, ఆయన చేత్తో కెమెరా తిప్పినట్టు చూపిస్తున్నారు. నాటకం ఎప్పుడు చూపిస్తావని."

"పని జరుగుతోందమ్మా, తెస్తా" అని అబద్ధం ఆడి, ఫోను పెట్టేశాక గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాక నాకు నా వారంటీ మీద ఉన్న గర్వం కాస్తా దిగిపోయింది.

నన్ను జేబులో వేసుకుని విజయవాడ సర్వీసు సెంటరుకు బయల్దేరాడు. కౌంటరులో ఉన్న అమ్మాయి నన్ను చూస్తూనే నవ్వింది.

"పూజ చేశారా సార్? దసరా వెళ్లిందంటే మాకు కుంకుమబొట్లతో దిగుతాయి. తడిమరక కనపడితే కంపెనీవాళ్లు ఒప్పుకోరు." అంటూనే దూదిని స్పిరిట్‌లో ముంచి నన్ను తుడిచింది. "మీరేం చెప్పలేదు, నేనేం చూడలేదు. మీ వారంటీ పాసయింది."

అంత మంచిపిల్ల నోటివెంటే అసలు సంగతి బయటపడింది. లోపలున్న నాటకంతో కంపెనీకి సంబంధం లేదు. నన్ను తీసుకుని ఇంకోదాన్ని ఇస్తారు, అంతే.

"కొత్తది కూడా రాదు సార్. ఇంకెవరిదో చెడిపోతే బాగుచేసింది వస్తుంది."

"మరి దీన్నేం చేస్తారమ్మా?"

"ఇదీ అంతే. లోపలున్నదంతా తుడిచేస్తారు. బాగుపడితే ఎవరికో ఒకరికి వెళ్తుంది."

నిజం చెబుతున్నాను, నాకు ఆశ పుట్టింది. మళ్లీ తిరగొచ్చు, మళ్లీ ఎవరింట్లోనో బతకొచ్చు. అమ్మాయి నన్ను కవరులో పెట్టి టేపు అంటిస్తోంది. షణ్ముఖం చెయ్యి చాచాడు.

"ఇలా ఇచ్చెయ్యమ్మా."

"అదేంటి సార్, పాసయిందిగా!"

"డిస్కు ఎక్కడైనా దొరుకుద్ది. నాకు కావాల్సింది ఆయన గొంతు."

ఆ పిల్ల అంటించిన టేపు ఊడదీసింది. తర్వాత హైదరాబాదులో డిస్కులు తెరిచి లోపలిది తీసేవాళ్ల సంగతి చెప్పింది. "సీలు ఊడిందంటే మా దగ్గరికి తెచ్చినా లాభం ఉండదు. అక్కడ దొరుకుతుందనీ చెప్పలేను" అని హెచ్చరించింది కూడా.

షణ్ముఖం తన రెండో కెమెరా అమ్మేశాడు. హైదరాబాదులో నా సీలు తెగింది. ముల్లు మార్చి, నా పళ్లాలను మెల్లమెల్లగా తిప్పి, వచ్చినంత రాబట్టారు. గీతలు పడ్డచోట రాలేదు. ఎందుకు దాచుకుంటాడో గానీ, పనికిరాని నా ఒంటిని కూడా అడిగి తెచ్చుకున్నాడు.

బసవయ్యగారింట్లో, నాలోంచి రాబట్టినదాన్ని ఇంకో డిస్కులో తెచ్చి టీవీకి తగిలించి, నన్ను పక్కన పెట్టారు. ఆయన మెడకు తెల్లగుడ్డ చుట్టుకుని కుర్చీ అంచుమీద కూర్చున్నాడు. తెరమీద రాజు నడిచొచ్చాడు, పద్యం ఎత్తుకున్నాడు. ఇల్లంతా ఆ గొంతు నిండిపోయింది. వింటున్న మనిషి పెదవులు మాటమాటకీ కదిలాయి. పద్యం ముగిసి రాగం పైకి, ఇంకా పైకి వెళ్లింది. సరిగ్గా అక్కడ బొమ్మ నిలిచిపోయి గొంతు తెగిపోయింది.

షణ్ముఖం తల వంచుకున్నాడు. "ఇంతవరకే దొరికింది గురువుగారూ. క్షమించండి."

అప్పుడు మాణిక్యమ్మ అందుకుంది. జన్మలో స్టేజీ ఎక్కని మనిషి. ప్రతి నాటకానికీ తెరపక్కన తువ్వాలు పట్టుకుని నిలబడి వినడమే ఆమె నేర్చిన సంగీతం. గొంతు వణికింది, శ్రుతి తప్పింది. అయినా తెగినచోటునుంచి రాగాన్ని పట్టుకుని, ఆయన దించేచోటికి జాగ్రత్తగా దించింది.

బసవయ్యగారు భార్యవంక చూస్తూ ఉండిపోయాడు. పద్యం నచ్చితే జనం 'వన్స్ మోర్' అని అరుస్తారు, నటుడు మళ్లీ పాడతాడు. ఆ కేకలు జీవితమంతా ఆయన తీసుకున్నవే, ఎవరికీ ఇచ్చినవి కావు. ఇప్పుడు ఇద్దామంటే గొంతు లేదు. కుర్చీ చేతిమీద టపటపా చరిచాడు. వేలెత్తి గాల్లో గుండ్రంగా తిప్పాడు.

"ఊరుకోండి, పిల్లాడి ముందు!" అంది మాణిక్యమ్మ సిగ్గుపడుతూ.

ఆయన ఊరుకోలేదు. వేలు తిరుగుతూనే ఉంది. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, గొంతు సవరించుకుని, మళ్లీ ఎత్తుకుంది.