పొడి అద్దం మీద వైపర్లు

మా ఆడపడుచుని ఇంట్లో అందరూ బులెటిన్ అంటారు. వాతావరణ కార్యాలయంలో పని. గాలివాన వచ్చే రోజుల్లో రేడియోలో వినిపించే గొంతు ఆమెదే: "ప్రజలు ఇళ్ళలోంచి బయటికి రావద్దు. కిటికీలు మూసి ఉంచుకోవలెను." ఆ మాట చెప్పే గదికి మాత్రం కిటికీయే లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తుపానులన్నిటినీ తెర మీద రంగు మచ్చలుగా చూసిందే తప్ప, ఒక్కసారైనా ఆ మబ్బు కింద నిలబడలేదు. డ్యూటీ దిగి వచ్చేసరికి ఎప్పుడూ తెరిపి ఇచ్చేసి, రోడ్డు మీద విరిగిన కొమ్మలు మాత్రం మిగిలేవి.

అందుకే పరాయి దేశపు మైదానాల్లో తుపానుల వెంట కార్లేసుకుని తిరిగే బృందం ఒకటుందని తెలిసినప్పటి నుంచీ ఆమెకు కాలు నిలవలేదు. చిక్కల్లా ఒకటే. ఎవరి కారు వాళ్ళే నడుపుకోవాలి. బులెటిన్‌కి సైకిలు కూడా రాదు. నేను స్కూలు బస్సు నడుపుతాను.

"వదినా, నువ్వు కాదన్నావంటే ఆ కిటికీ లేని గదిలోనే రిటైరైపోతాను," అంది.

కాదని ఎలా అంటాను? అదే వీధి, అదే మలుపు, అదే గేటు ముందు అదే హారను. నాకూ మొహం మొత్తి చాలా కాలమైంది.

బృందం పెద్దాయన ఫోన్లో ముందే కరాఖండిగా చెప్పేశాడు. బయల్దేరిన రోజు మొదటి పెట్రోలు బంకు దాకా మా వెనకే వచ్చి, నేను ఎలా నడుపుతానో చూస్తాడట. నచ్చకపోతే మిగతా ప్రయాణమంతా మేమిద్దరం హోటల్లో కూర్చోవలసిందే. తుపాను ముందు తడబడే డ్రైవరు తనకొద్దట.

అక్కడి కార్లకి స్టీరింగు ఎడమపక్క. గేరు కుడిచేతికి వస్తుంది. నాకు అలవాటైన బండిలో మలుపు లైటు మీట ఉండే చోట వాళ్ళకి వైపర్ల మీట ఉంటుంది. భోజనాల బల్ల ముందు కుర్చీ వేసుకుని, పెద్ద గిన్నె మూత చేత పట్టుకుని సాధన మొదలుపెట్టాను. మూతకి అటో చెంచా, ఇటో చెంచా టేపుతో అంటించాను. ఎడమ చెంచా లైటు, కుడి చెంచా వైపరు.

మా ఆయన కంచం ముందు పెట్టుకుని చూస్తూ కూర్చున్నారు. "అన్నం వడ్డిస్తావా, నన్ను కూడా ఎక్కించుకుని ఊరు దాటిస్తావా?"

"మాట్లాడించకండి, మలుపులో ఉన్నాను."

అవతల గదిలో బులెటిన్ పెట్టె సర్దడం, విప్పడం, మళ్ళీ సర్దడం.

"అన్నయ్యా, రెయిన్‌కోటు అడుగున పెట్టనా, పైన పెట్టనా?"

"ఒంటిమీదే వేసుకుపో. విమానం కారినా బెంగుండదు."

"నీకన్నీ వేళాకోళాలే."

"మరి నువ్వా పెట్టెని సర్దుతున్నావా, శిక్షిస్తున్నావా?"

తీరా అక్కడ దిగి, అద్దె కార్లు వరసగా నిలబెట్టిన ఆవరణలోకి వెళితే, ఎండ కళ్ళు పొడుస్తోంది. గాలి మాత్రం ఒక్క చోట ఉండడం లేదు. పెద్దాయన మా మొహాలకేసి కాకుండా ఆకాశంకేసి చూస్తూ, "పదండి, వెనకాలే వస్తా," అన్నాడు.

బులెటిన్ నా కుడిపక్కన కూర్చుంది. ఎప్పుడూ ఎడమపక్క ఉండే మనిషి అటు కనబడేసరికి, అద్దంలో చూసుకుంటూ నడుపుతున్నట్టుంది నాకు.

మొదటి మలుపు. చెయ్యి దానంతటదే పాత మీటకి పోయింది. పొడి అద్దం మీద వైపర్లు కిర్రు కిర్రుమని లేచాయి. వెనక అద్దంలో పెద్దాయన కారు.

రెండో మలుపు. మళ్ళీ కిర్రు కిర్రు.

"ఎడమ చెయ్యి, వదినా! ఎడమ!"

"అరవకు. నువ్వరిస్తే నాకు రెండు చేతులూ కుడివే అయిపోతున్నాయి."

ఒళ్ళో సంచీ జిప్పు తీస్తూ, వేస్తూ కూర్చుంది. కాసేపటికి, "హోటలు గదికి కిటికీ ఉంటుందిలే, వదినా," అంది.

"ఇదిగో, నీ రేడియో గొంతు బయటికి తియ్యి," అన్నాను. "ఆ గొంతుకి ఊరంతా తలుపులు మూసుకుంటుంది. నా చెయ్యి వినదా?"

ముందు నవ్వింది. మూడో మలుపు దగ్గరపడుతుండగా వెన్ను నిటారుగా పెట్టి, గొంతు సవరించుకుంది.

"ముఖ్య గమనిక. రానున్న మలుపులో డ్రైవర్లు ఎడమ చేతిని మాత్రమే ఉపయోగించవలెను."

వింది నా చెయ్యి! టిక్కు టిక్కుమని లైటు కొట్టుకుంది. బంకు దాకా ఆమె హెచ్చరికలు జారీ చేస్తూనే ఉంది, నేను పాటిస్తూనే ఉన్నాను.

బంకులో పెద్దాయన దిగి వచ్చాడు. "ఎండలో ఆ వైపర్లేమిటి?"

దుమ్ము పడిందని చెబుదామని నోరు తెరిచాను. బులెటిన్ ముందే చెప్పేసింది. "రెండుసార్లు పొరపాటు. తర్వాత జరగలేదు."

"చూశాను," అన్నాడు. ఆకాశంకేసి ఓసారి తలెత్తాడు. "పడమట లేస్తోంది. ఇక ముందు నేనుంటా. నన్ను వదలకుండా రండి."

బంకు దాటాక రోడ్డు గీత గీసినట్టు తిన్నగా పోయింది. దాని చివర మబ్బు నిలబడి ఉంది. ఎంత పొడుగంటే, పైకొస చూడాలని బులెటిన్ సీట్లో కిందికి జారిపోయింది.

"తెర మీద ఇది ఎర్రగా ఉంటుంది, వదినా."

"ఇక్కడ నల్లగా ఉందిగా."

"నలుపు కాదు. అడుగున చూడు, ఆకుపచ్చ! ఇంతమందికి చెప్పాను, నాకెవరూ చెప్పలేదు."

అద్దం మీద టపటపా చినుకులు పడ్డాయి. గబుక్కున మీట నొక్కాను. ఎడమ లైటు టిక్కు టిక్కుమంది. ఇన్ని గమనికలు విన్న చెయ్యి మరి! మా వెనక వస్తున్న బృందం కారువాడు కూడా పాపం ఎడమ లైటు వేశాడు.

"వాన అటు తిరుగుతోందనుకున్నట్టున్నాడు," అన్నాను. "ఏదీ, వైపర్లకి కూడా ఒక గమనిక చెప్పు."

రెయిన్‌కోటు డిక్కీలో, పెట్టె అడుగునే ఉండిపోయింది. ఆమె తన పక్క అద్దం పూర్తిగా దించేసి, చెయ్యి మోచేతిదాకా బయటికి చాచి కూర్చుంది.