ఇద్దరు కూలీలు

తెలుగు పేపరు ఢిల్లీ ఆఫీసులో శ్రీరాములు వేళ్ళు అప్పటికే పరుగులో ఉన్నాయి. ఢిల్లీ వార్తల్ని తెలుగులోనే, కానీ ఇంగ్లీషు అక్షరాల్లో టెలిప్రింటర్ మీద కొట్టాలి. హైదరాబాద్ డెస్కువాళ్ళు వాటిని మళ్ళీ తెలుగులోకి దించుకుంటారు. జుట్టు నెరిసేదాకా అతను చేసిన పని అదే. ఒక్క మాట చేర్చిందీ లేదు, తీసిందీ లేదు.

మంత్రిగారికి జలుబు చేస్తే అర కాలమ్ వార్త, పేరుకు ముందో బిరుదు, వెనకో బిరుదు. ఆ తరవాతి కాగితం చిన్నది: 'నోయిడాలో పునాది గుంత మట్టి విరిగిపడి ఇద్దరు కూలీల మృతి.' దాన్నీ కళ్ళు మూసుకుని కొట్టేశాడు. ఇలాంటివి ఎన్ని కొట్టలేదు! మట్టే విరిగిపడుతుంది, గోడలే కూలతాయి. తవ్వించినవాడు, కట్టించినవాడు ఆ వాక్యాల్లోకి రానే రారు. పాపమంతా మట్టిదే.

టీ తాగుతుండగా అక్క కస్తూరి వచ్చింది. భర్త హనుమయ్యతో కలిసి పాలమూరు నుంచి నోయిడాకు మట్టిపనికి వచ్చిన మనిషి. ఏనాడూ ఆఫీసు గడప తొక్కలేదు.

"మీ బావ పోయిండు తమ్మీ," అంది గుమ్మంలోనే. "రాత్రి గుంతల మట్టి మీద వడి... పని వెట్టిన ఠేకేదారేమో, ఆ మనిషి మా తాన పనే చెయ్యలేదంటుండు. నీ పేపర్ల మీ బావ పేరెయ్యి. పేపర్ల పడ్డంక కాదంటడా?"

శ్రీరాములు ఇందాక కొట్టిన చిన్న కాగితం వైపు చూశాడు. ఆ ఇద్దరిలో ఒకడు బావ.

బ్యూరో చీఫ్ సదాశివరావు మంచివాడే. లేచి కస్తూరికి తనే మంచినీళ్ళిచ్చాడు. పేరు సంగతి ఎత్తగానే మాత్రం ఇబ్బందిగా కదిలాడు.

"కూలీల పేర్లు వేసే అలవాటు మనకి లేదు కదయ్యా. వాళ్ళెవరో ఎవరికి తెలుసు? ఇదుగో, కట్టిస్తున్న కంపెనీ ప్రకటన వచ్చింది. ఇది కలిపి పంపు."

"నాకు దెలుసు సార్," అన్నాడు శ్రీరాములు.

సదాశివరావు తల దించుకున్నాడు. కాగితం మాత్రం వెనక్కి తీసుకోలేదు.

శ్రీరాములు ప్రకటన కొట్టాడు. దాని కింద, జీవితంలో మొదటిసారి, సొంత వాక్యం ఒకటి కొట్టాడు: 'మృతుల్లో ఒకరు పాలమూరు జిల్లాకు చెందిన హనుమయ్య.' ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాడు.

"పంపిన అక్కా. రేపు పడ్తది."

మర్నాడు దహనం ముగించుకుని అక్కతో ఆర్.కె. పురంలోని తన గదికి చేరేసరికి విమానంలో వచ్చిన పేపరు అందింది. కంపెనీ యజమాని పేరు ఇంటిపేరుతో సహా ఉంది. 'ప్రముఖ పారిశ్రామికవేత్త' తీవ్ర దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు. మృతులు ఇద్దరు కూలీలు. అంతే. డెస్కువాళ్ళు అతన్ని తిట్టను కూడా లేదు. అనవసరమైన వాక్యమనుకుని తీసేశారు.

"ఏడుంది తమ్మీ? జర వేలు వెట్టి సూపియ్యి."

శ్రీరాములు వేలు అచ్చు మీద అటూ ఇటూ తిరిగి, ఎక్కడా నిలవలేక వెనక్కి వచ్చింది. అతనికి ఏడుపు ఆగలేదు. కస్తూరి పేపరు మెల్లగా మడిచి అతని చేతిలో పెట్టింది.

"ఊకో తమ్మీ. మీ బావ ఈ ఊరికి రానే లేదనుకుందాం."

సాయంత్రం రైల్లో పాలమూరు వెళ్ళిపోయింది. శ్రీరాములు స్టేషను నుంచి వచ్చేసరికి, పొద్దున ఆమె ఉతికి ఆరేసిన బావ చొక్కా గది వెనక తీగమీదే ఉండిపోయింది. చేతి మడతల్లో సిమెంటు, ఎంత బాదినా వదలక, రాయిలా గట్టిపడి ఉంది.