కరక్కాయ పెట్టని గుడ్డ

"కాస్త మెల్లగా దంచవే. బందరు నుంచి సంఘం వాళ్ళొచ్చే వేళకి ఇల్లంతా ఈ దుమ్మేనా?" అన్నాడు మార్కండేయులు.

విజయకుమారి రోకలి ఆపలేదు. పెడనలో ఈ అద్దకం ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై ఆరేళ్ళు. ఇన్నేళ్ళలో రోకలి ఆగితే ఎందుకాగిందని అడిగినవాళ్ళున్నారు గాని, నీ చేతులెలా ఉన్నాయమ్మా అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడు లేడు. కరక్కాయ పొడి గేదెపాలల్లో కలిపి, అందులో గుడ్డ నానబెట్టి, పిండి ఆరేసేది ఆమె. మొగుడు బల్ల దగ్గర నిలబడి అచ్చులు అద్దాక, మోకాటి లోతు కాలవలో ఆ గుడ్డలు జాడించేది ఆమె. రాగి కాగులో వాటిని ఉడకబెట్టి పొగ మింగేదీ ఆమే. కరక్కాయ చేత్తో ఇనుప తాళం ముట్టుకుంటే నల్లటి మరక పడేది. "నీ చెయ్యి తగిలితే ఇనుమైనా మాడిపోద్దే!" అని అత్తగారు పదిమందిలో నవ్వేది. మీ కోడలేం చేస్తుందని ఎవరైనా అడిగితే మాత్రం, "ఏముందీ, గుడ్డలు ఉతుకుద్ది" అని తేల్చేసేది.

కిందటేడు గాలివానకి కాగు మీది రేకులు ఎగిరిపోయాయి. అప్పట్నుంచి చినుకు పడితే పొయ్యి ఆరిపోతుంది, ఎండ కాస్తే మాడు పేలిపోతుంది. బందరులో ఒక సేవాసంఘం చేతిపనివాళ్ళకి సాయం చేస్తోందని విన్నప్పుడు ఆమె ప్రాణం లేచొచ్చింది. ఇంటికి ఒక్కరికే, ఎవరి పేరు రాస్తే వాళ్ళ పనికే. పొగగొట్టం పెట్టిన పాక ఒకటి వేయించుకోవాలని ఆమె ఆశ. దరఖాస్తులో ఆయన రాసింది వేరు: రెండో బల్ల, కొత్త టేకు అచ్చులు.

"రెండో బల్లొస్తే గుడ్డ రెండింతలవుద్ది. ఉడకబెట్టేదెవరు?" అని అడిగిందామె.

"నువ్వే. నీకలవాటేగా."

నిన్న రాత్రి ఆయన బల్ల మీద వదిలేసిన ఆ కాగితం కూడబలుక్కుని చదివింది. కళాకారుడు: మార్కండేయులు. సహాయకురాలు: భార్య. అంతే. రేషను కార్డులోనైనా తనకి పేరుందే! 'భార్య' అన్న మాట మీద వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ చదివింది.

పదకొండింటికి సంఘం నుంచి షాహీన్ అనే అమ్మాయి వచ్చింది. "మా తాతలనాటి విద్యండీ. అంతా ఈ చేతిలోనే ఉంది" అని మార్కండేయులు చెయ్యి చాపి చూపించాడు.

"ఒక్క అచ్చు వేసి చూపిస్తారా అండీ? ఫొటో తీసుకుంటాను."

"విజయా, గుడ్డ తే."

తెచ్చి పరిచింది. మల్లెపువ్వులా తెల్లటి గుడ్డ. ఆయన ముఖం మారింది. "ఇదేంటే, దీనికి కరక్కాయ పెట్టలేదు!"

"అది సాయమేగా అండీ. సాయం లేకుండా వెయ్యండి."

షాహీన్ ఫోను ఎత్తి పట్టుకునే ఉంది. వెయ్యకపోతే పరువు పోతుంది. తుప్పు ఇనుము బెల్లం నీళ్ళలో పులియబెట్టిన రంగులో అచ్చు ముంచి, గుడ్డ మీద గుద్దాడు. నల్లటి నెమలి రావలసిన చోట పాత మేకు మరకలా ఏదో వెలవెలబోయింది.

"ఇది... నలుపు కాదేంటండీ?" అంది షాహీన్.

విజయకుమారి గోలెంలో చేతులు ముంచి, దోసెడు కరక్కాయ పాలు తెచ్చి ఆ మరక మీద వదిలింది. ముగ్గురూ చూస్తుండగానే తోక నల్లబడింది, మెడ నల్లబడింది, నెమలి కన్ను తెరిచింది. ఇనుము మాడ్చే చెయ్యంటే ఇదే, అత్తగారూ, అనుకుంది లోపల.

షాహీన్ మార్కండేయులు ఇచ్చిన కాగితం మడిచి, సంచిలోంచి కొత్తది తీసింది. "ఇచ్చేదీ లేనిదీ కమిటీ చెప్పాలండీ. కానీ ఎవరి పనికి కావాలో వాళ్ళే అడగాలి. మీ పేరు?"

"విజయకుమారి. కరక్కాయ పెట్టడం, జాడించడం, ఉడకబెట్టడం నా పని. పొగగొట్టం ఉన్న పాక కావాలి. అన్నీ రాయమ్మా, ఒక్కటీ వదలొద్దు."

"మరి నేనో?" అన్నాడు మార్కండేయులు, నీరసంగా.

ఆమె చీరకొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"సహాయకుడు అన్నచోట ఈయన్ని రాయమ్మా. ఉత్త 'భర్త' అని రాయకు. ఆయనకీ ఒక పేరుంది."