ఎవరో ఒకావిడ

చాప చుట్టి తలుపు మూలకి ఆనిస్తేనే దాలమ్మకి తెల్లారినట్టు. హాల్లో అది పరిచి ఉంటే పొద్దున్నే వచ్చేవాళ్ళకి అడ్డం. లేవాలంటే ముందు గోడ పట్టుకోవాలి, తర్వాత మోకాళ్ళని బతిమాలుకోవాలి. ఒకప్పుడు ఆమె పడుకున్న గది, కొడుకు ధర్మేంద్ర పెళ్ళయ్యాక వాడి ఆఫీసైపోయింది. "నీకేటమ్మా, హాల్లో ఫ్యాను గాలి బాగుంటాది" అన్నాడు వాడు. గాలి బాగానే ఉంటుంది. నేలే గట్టిది.

ధర్మేంద్ర విజయనగరంలో దుకాణాలకి ఫోన్లలో ప్రకటనలు వేయిస్తాడు. జనం ఏ మాటలు కొట్టి వెతికారో చూసి, ఊరికే చూసేదెవరో కొనేదెవరో పసిగట్టడం వాడి పని. టీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా వాడు దుకాణాలవాళ్ళతో ఫోనులో అనేది ఆమె చెవిన పడుతూనే ఉంటుంది. "'ఎందుకు' అని అడిగినోడు ఇంకా దూరంలో ఉన్నాడు సార్. 'ఏ రకం' అంటే దగ్గరికొచ్చినట్టే. 'ఎక్కడ దొరుకుతాది' అన్నాడా, ఇంక మనోడే."

భర్త ఉన్నన్నాళ్ళూ ఆమె 'ఎందుకు' దగ్గరే ఆగిపోయింది. "ఆడదానికి అచ్చరాలెందుకే, పులుసులో ఏస్తావేటి?" అనేవాడాయన. ఆయన పోయాక, మహిళా సంఘంలో వేలిముద్ర వెయ్యడానికి సిగ్గేసి పట్టుబట్టి చదువు నేర్చుకుంది. కొడుకు వాడి వదిలేసిన పాత ఫోనులో ఒక్కో అక్షరం వెతుక్కుని నొక్కడం మొదలెట్టింది. ఇంట్లో ఏదైనా అడిగితే నవ్వుతారు, లేకపోతే వినపడనట్టుంటారు. ఫోను అలా కాదు. మోకాళ్ళు ఎందుకు నొప్పెడతాయని అడిగింది. నేల మీద పడుకుంటే ఎక్కువవుతుందా అని అడిగింది. కోడలు ఉషతో కూడా ఓసారి నోరు తెరిచి, "ఓ మంచముంటే..." అంది. "సోటేదత్తా, ఎక్కడేస్తాం?" అంది ఉష, తోమాల్సిన గిన్నెలు చేతికందిస్తూ. నిజమే. కంప్యూటరుకి చోటుంది, వాడి కుర్చీకి చోటుంది, ఆ కుర్చీ వెనక్కి వాలడానికి కూడా చోటుంది. అందరికీ వండి వార్చే ఒంటిని వాల్చడానికే చోటు లేదు. ఆ మధ్యాహ్నం, మడత మంచాల్లో ఏ రకం మంచిదని ఫోనునే అడిగింది. మళ్ళీ నేల మీద పడక సంగతే అడిగితే ఏదో మంచాల కొట్టు ప్రకటన కనబడింది, నొక్కి చూసింది.

నిన్న టీ పట్టుకెళ్ళేసరికి ధర్మేంద్ర మంచి హుషారుగా ఉన్నాడు.

"ఒసే ఉషా, ఇలా రా, ఇది సూడు! మంచాల కొట్టు ప్రకటనకి ఏటి కొట్టి వచ్చారో. 'నేల మీద పడుకుంటే మోకాళ్ళ నొప్పి ఎక్కువవుతుందా?' ఎవరో ఒకావిడ. పెద్దావిడే. పిల్లలుండీ పట్టించుకోనట్టున్నారు."

"అయ్యో పాపం" అంది ఉష.

"పాపమేటే, మనకి కావాల్సిందే అది! ఆవిడేటి కొంటాది, ఆవిడ సేతిలో ఏటుంటాది? కొడుకుల్ని పట్టాలి."

దాలమ్మ గ్లాసుతో అలాగే నిలబడిపోయింది. వాడు ఒక్కసారి తలెత్తి చూస్తే చాలు.

"అక్కడెట్టమ్మా" అన్నాడు వాడు, తెర మీంచి కళ్ళు తియ్యకుండా.

ఇవాళ పొద్దున ఆమె ఫోనులోకే ఆ కొత్త ప్రకటన వచ్చింది. కూడబలుక్కుని చదివింది. 'మీ అమ్మ ఇంకా నేల మీదే పడుకుంటోందా?' కింద మంచం, దాని మీద నవ్వుతూ ఓ ముసలమ్మ. తప్పు చదివానేమోనని మళ్ళీ చదివింది. అమ్మలకి ఏం కావాలో వాడికి తెలుసు. ఊళ్ళో అందరి అమ్మల సంగతీ తెలుసు.

ప్రకటన కింద కొట్టువాళ్ళ నంబరుంది. నొక్కింది.

"మడత మంచమా అమ్మా?" అన్నాడు అవతలాయన.

"కాదు బాబూ. మడతెట్టక్కర్లేనిది పంపు. నా పింఛను డబ్బులున్నాయి, ఇచ్చుకుంటాను."

మధ్యాహ్నం ఆటో ఇంటిముందు ఆగింది. ధర్మేంద్ర చెవి దగ్గర ఫోనుతోనే బయటికొచ్చాడు. "ఎవరు తెమ్మన్నారు?"

"ఎవరో పెద్దావిడ సార్" అన్నాడు మంచం దింపినాయన. "ఎక్కడెయ్యమంటారు?"

ధర్మేంద్ర ఫోను దించి అప్పుడు చూశాడు తల్లి వైపు. ఆమె అప్పటికే ఆఫీసు గది తలుపు బార్లా తీసి, లోపలి కంప్యూటరు బల్ల చూపిస్తోంది.

"ముందది హాల్లోకి లాగండి నాయనా" అంది దాలమ్మ. "అక్కడ ఫ్యాను గాలి బాగుంటాది."