గట్టు వెంట షెడ్డు

సుభాషిణిది మొవ్వ. హైదరాబాద్‌లో ఆర్కిటెక్టుగా పేరు తెచ్చుకుంది గానీ, తొంభై ఎనిమిది వేసవి దాకా సొంత జిల్లాలో ఒక్క గోడ కూడా కట్టలేదు. అందుకే పెడనలో కలంకారీ అద్దకం చేయించే ధనరాజు గారు షెడ్డు కట్టించమని అడగ్గానే ఎగిరి గంతేసింది.

పునాదుల రోజున ఆమె బందరులో బస్సు దిగి, ఆటోలో స్థలానికి చేరేసరికి మేస్త్రీ కోటయ్య ప్లాను చూసి నేల మీద ముగ్గు పోసేశాడు. కాగితం మీద అంతగా పట్టించుకోని ధనరాజు గారు ఆ గీతలు చూసి ఉలిక్కిపడ్డారు.

"ఇదేంటమ్మా! ఇంత స్థలం పెట్టుకుని షెడ్డుని గట్టు మీద కూర్చోబెట్టావు? మధ్యంతా ఖాళీ! రోడ్డు మీంచి చూసేవాళ్ళు నేను సగంలో చేతులెత్తేశాననుకోరూ?"

సుభాషిణి ముగ్గు వంక చూసింది. నిజమే. అంచున మెరక మీద, సన్నగా, పొడవుగా ఉంది షెడ్డు. ఆమె ఏం గీసినా అలాగే వస్తుంది. హైదరాబాద్‌లో స్కూలు కట్టినా గదులన్నీ ఓ పక్కకి ఒదిగాయి.

"మధ్యలోకి జరుపుతావా సరే. లేదంటే బెజవాడ ఇంజినీరున్నాడు, ఆయనకిచ్చేస్తాను."

ఈలోగా ధనరాజు గారి భార్య వీరలక్ష్మి ఆ ఖాళీలోకి నడిచి, చుట్టూ ఓసారి తిరిగి చూసింది.

"అబ్బ, ఇక్కడ ఎన్ని అద్దకం తానులు ఎండకి పరవచ్చండీ! ఇది లేకపోతే కాలవ ఒడ్డున ఆరేసి, గేదెలు తొక్కకుండా కర్ర పట్టుకుని కాసేది మీరా, నేనా? ఈ అమ్మాయి మన పని తెలిసి గీసింది."

"అదా! మరి చెప్పవేంటమ్మా?" అన్నారు ధనరాజు గారు.

అవునంటే పనైపోతుంది. కానీ సుభాషిణికి అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"కాదండీ. బట్టల సంగతి నాకు తట్టనే లేదు. మేం వరి పండించేవాళ్ళం. చేలో గోడ లేపాలంటే చెయ్యి రాదు. ఇల్లయినా, గడ్డివామైనా గట్టు మీదే. ఆ అలవాటే ఇక్కడా వచ్చేసింది."

ధనరాజు గారు పొట్ట పట్టుకుని నవ్వారు.

"అయితే పెడనవాడి స్థలంలో మొవ్వ చేను కాపాడావన్నమాట!"

"ఎవరి చేనైతేనేం, నా గుడ్డలకి ఎండ దొరికింది. ముగ్గు చెరిపారంటే ఊరుకోను" అంది వీరలక్ష్మి.

"నేను చెరిపేదేముంది, ఇద్దరూ ఒకటైపోయారుగా! కోటయ్యా, చూస్తావేం? గునపం అందుకో."

కోటయ్య గట్టెక్కాడు.