ఏడో వరుసలో ఎర్రపోగు

హోటల్లో బట్టలుతికే గదికి కిటికీ లేదు. ఉన్నవల్లా రెండు మెషీన్లు, ఒక సిమెంటు తొట్టి, గోడ పొడుగునా ఇస్త్రీ బల్ల. పదకొండేళ్ళుగా ఆ గదికి రాణి కొండక్క. ఆమె జాతి జాతంతా కలిపి కొండమీద మూడొందల గడప. అక్కణ్ణుంచి దిగొచ్చిందని వెక్కిరింపుగా ఆ పేరు పెట్టారు. నోటి ధాటి చూశాక అదే పేరుతో గౌరవంగా పిలవసాగారు.

ఆ ఉదయం మూట విప్పితే కొత్త టేబుల్ గుడ్డలు పడ్డాయి. ఇరవై. నిన్నటి విందు మరకలింకా వాటి మీదే ఉన్నాయి. నల్ల అంచు, తెల్ల నేల, మధ్యలో వరుసగా మెట్లలాంటి ఎర్ర గీతలు. కొండక్క చెయ్యి ఆగిపోయింది. వాళ్ళలో పోయినవాళ్ళ మీద కప్పే దుప్పటి అది. కన్నకూతురే నెయ్యాలి, ఒక్కరికే కప్పాలి, వాళ్ళతోపాటే మట్టిలోకి పోవాలి. దాన్ని ఉతకడమన్న మాటే లేదు.

ఎవడో ఎక్కడో చూసి అచ్చేయించాడేమోలే అని సర్దుకోబోయింది. అంతలో ఏడో వరుస కంటబడింది. అక్కడ ఎర్రపోగు ఒక మెట్టు తప్పి పక్కకి పోయింది. కిందటి చలికాలం, అమ్మ ఆఖరి రోజుల్లో మగ్గం ముందు కూర్చుని నేస్తుంటే కన్నీళ్ళకి కళ్ళు కనపడక తను చేసిన తప్పు. విప్పి నేసే వ్యవధి లేక ఆ తప్పుతోనే అమ్మని సాగనంపింది. ఇప్పుడు ఇరవై గుడ్డల్లోనూ అదే తప్పు!

అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ పోయిన రోజు మేనేజరు కారు దిగి, కొండంతా నడిచి ఎక్కాడు. దణ్ణం పెట్టాడు. ఫోను తీసి, దుప్పటి కప్పిన అమ్మని ఫోటో తీసుకున్నాడు. ఎంత పెద్దమనిషో అని ఆమే ఊరంతా చాటింది. తన నోటిని తనే చెప్పుచ్చుకు కొట్టుకోవాలనిపించింది.

మూట ఎత్తుకుని ఆయన గదికెళ్ళింది.

"ఇవి నేనుతకను సార్."

"ఏమ్మా, మరకలు మొండివా?"

"ఇది మా అమ్మ దుప్పటి."

మేనేజరు నవ్వాడు. "మీ అమ్మది మట్టిలో ఉంది కదా! ఇది ఉత్త అచ్చు. నలుగురూ చూస్తే మీకే గొప్ప. మధ్యాహ్నం భోజనాలకి కావాలి. ఉతుకుతావా, ఇంటికి పోతావా?"

పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం. కాకపోతే ఈ ఎలుక కరిచే రకం. ఇంట్లో నడుం విరిగి మంచాన పడ్డ మొగుడి మందులూ, కూతురి చదువూ ఈ ఉద్యోగం మీదే నడుస్తున్నాయి. అది తెలిసీ కొండక్క ఇంటివైపు నడవలేదు. తిన్నగా భోజనాల హాల్లోకి వెళ్ళింది.

అందరూ టిఫిన్లు తింటున్నారు. నడిమధ్య ఖాళీ బల్ల మీద ఒక గుడ్డ మరకలతో సహా పరిచి, పక్కన నేలమీద కూర్చుంది. అలా పరిచిన దుప్పటి పక్కన పోయినవాళ్ళ మంచి చెప్పుకోవడం వాళ్ళ ఆచారం.

"వానొస్తే మా అమ్మ ముందు పక్కింటి మేకల్ని లోపలికి తోలేది, తర్వాతే మావి..."

"ఎవరు పోయారమ్మా?" అన్నాడు ఒక పెద్దాయన, చెంచా పట్టుకుని.

"మా అమ్మ, బాబూ. నిన్నటి విందు మీరంతా తిన్నది ఆవిడ దుప్పటి మీదే."

ఆయన చెంచా కింద పెట్టేశాడు.

వంటగదిలోంచి బాబాయి తొంగిచూశాడు. కొండక్క తండ్రికి తమ్ముడు, అక్కడ పెద్ద వంటవాడు. దుప్పటి పరిచిన చోట ఆ పూట పొయ్యి వెలగకూడదు. ఆయన వెనక్కి తిరిగాడు. లోపల పొయ్యిలన్నీ ఒక్కొక్కటే ఆరిపోయాయి. చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. గదులూడ్చే ఆడవాళ్ళిద్దరూ చీపుళ్ళు వదిలేసి వచ్చారు. వాళ్ళదీ ఆ కొండే.

మేనేజరు పరుగున వచ్చాడు. "పొయ్యిలెవరార్పమన్నారు?"

"దుప్పటి పరిచారుగా," అన్నాడు బాబాయి.

"తీసేయండి! అన్నీ తగలబెట్టిస్తా!"

"పరిచింది మీరు. మట్టిచెయ్యాల్సింది మేం," అంది కొండక్క.

"నీ ఉద్యోగం ఊడుతుంది, తెలుసా?"

"ఊడనీండి."

ఆయన గొంతు తగ్గించాడు. "ఎంతసేపమ్మా ఈ గోల?"

"దుప్పటికో పూట, సార్. ఇరవై ఉన్నాయి." కొండక్క మూటలోంచి రెండోది తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఏడో వరుస మీద వేలు ఆనించింది. "మా అమ్మ పోయినప్పుడు మీరు నాకు ఒక్క పూటే సెలవిచ్చారు. తనివితీరా ఏడవనైనా లేదు. కూర్చోండి. ఆ రోజు మీరూ కొండెక్కి వచ్చారుగా, ఆవిడ గురించి ఒక మంచిమాట చెప్పండి."